బెదురు కుక్కను ఓదార్చకూడదనే మాటలో నిజమెంత?

కుక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, ముఖ్యంగా దీపావళి ముందు, ఒక సలహా చేతులు మారుతూ ఉంటుంది. దాని సారం ఇది: భయపడే కుక్కను ఓదారిస్తే భయం ఇంకా పెరుగుతుంది. దేనికి భయపడుతుందో దాని ముందే కట్టేస్తే నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. ఇంటికి పెద్ద మీరేనని దానికి తెలిసిరావాలి. గుర్రుమంటే అక్కడికక్కడే దండించాలి. ఇంటికొచ్చినవాళ్ల చేత తినిపిస్తే జంకు పోతుంది. పటాకుల రోజు సగం నిద్రమాత్ర వేస్తే సరి.

వీధి నుంచి తెచ్చుకున్న నాటు కుక్కలకూ, గది దాటకుండా పెరిగిన జాతి కుక్కలకూ ఈ సలహా నిజంగా హాని చేస్తుంది. కొత్తవాటిని సులువుగా ఒప్పుకునే వయసు కుక్కపిల్లకు ఇంచుమించు 3వ వారం నుంచి 14వ వారం దాకా ఉంటుంది. ఆ రోజుల్లో మిక్సీ మోత, లిఫ్టు తలుపు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి దాని కంటా చెవినా పడకపోతే తర్వాత అవన్నీ కొత్తగానే ఉంటాయి. పెద్దయ్యాక కూడా నేర్పవచ్చు. కాకపోతే నిదానం కావాలి.

“ఓదారిస్తే భయం పెరుగుతుంది”

కూర్చోమంటే కూర్చున్న కుక్కకు బిస్కెట్ పెడితే అది మళ్లీ మళ్లీ కూర్చుంటుంది. అలాగే భయపడినప్పుడు నిమిరితే మళ్లీ మళ్లీ భయపడుతుందని ఈ మాట వెనకున్న లెక్క. కూర్చోవడం కుక్క చేసే పని. భయం అది చేసే పని కాదు, దానికి కలిగేది. వణుకు, గుండెదడ, కారే చొంగ దాని చేతిలో లేవు. చీకట్లో ఉలిక్కిపడ్డ పిల్లవాడికి పల్లీపట్టీ పెట్టినంత మాత్రాన రేపు పల్లీపట్టీ కోసం వాడి గుండె అదరదు.

ఈ మాటలో పిసరంత నిజం ఒకచోట ఉంది. మీరే కంగారుపడి, గొంతు పెంచి, దాన్ని గట్టిగా వాటేసుకుంటే కుక్క మరింత బెదురుతుంది. పారిపోయే దారి మూసేసినట్టు అవుతుంది కాబట్టి. నిమరడం దానికి ఇష్టమో కాదో దాన్నే అడగండి. తల మీద కాకుండా ఛాతీ పక్కన 3 సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. మీ మీదికి ఒరిగితే ఇంకాసేపు నిమరండి. ముఖం తిప్పుకున్నా, పెదాలు నాక్కున్నా, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తూ బిగుసుకుపోయినా వదిలేసి పక్కన ఊరికే కూర్చోండి. అదీ ఓదార్పే.

“దాని ముందే కట్టేస్తే అలవాటవుతుంది”

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. మిక్సీకి బెదిరే కుక్కను వంటింట్లో కట్టేస్తే మొదట గింజుకుంటుంది, కాసేపటికి కదలకుండా పడుకుంటుంది. ఇంట్లోవాళ్లు అలవాటైందనుకుంటారు. అది తప్పించుకునే ఆశ వదులుకుంది, అంతే. ఆ క్షణాన దాని ముక్కు ముందు చికెన్ ముక్క పెట్టి చూడండి. ముట్టదు. ఎంతో ఇష్టమైన తిండినీ కాదంటోందంటే భయం హద్దు దాటిందన్న మాట.

దీనికి పనిచేసే పద్ధతి వేరే ఉంది. ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసుకోండి. రోజుకు 50 గ్రాములు చాలు, అంత మేరకు భోజనంలో తగ్గించండి. మాంసం వండని ఇంట్లో పనీర్ వాడొచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి మాత్రం కుక్కకు విషం. మిక్సీ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, కుక్క చెవి మాత్రమే ఇటు తిప్పేంత సన్నగా 3, 4 సెకన్లు వినిపించండి. వినిపించిన సెకనులోపే ఒక ముక్క పెట్టండి. శబ్దం ఆగితే తిండీ ఆగాలి. అర నిమిషమో, నిమిషమో ఆగి మళ్లీ. ఇలా 8 లేదా 10 సార్లు, రోజుకు రెండు పూటలు.

చాలామంది పొరపడేది వరుసలో. డబ్బా మూత తీసి, ముక్క చేతిలో పట్టుకుని, ఆ తర్వాత శబ్దం పెడతారు. అప్పుడు డబ్బా చప్పుడే ప్రమాద ఘంటిక అవుతుంది, కుక్క చికెన్‌ను చూసి కూడా పారిపోతుంది. శబ్దం ముందు, తిండి వెనక. ఈ వరుస తప్పితే మిగతాదంతా వృథా.

శబ్దం వినగానే “ముక్కేదీ?” అన్నట్టు మీ వైపు తిరగడం మొదలుపెడితే పాఠం ఎక్కుతున్నట్టు. వరుసగా మూడు పూటలు అలా తిరిగాకే శబ్దం ఒక మెట్టు పెంచండి, లేదా దూరం ఒక అడుగు తగ్గించండి. రెండూ ఒకేసారి వద్దు. తర్వాత అసలు మిక్సీతో, కుక్కను ఇంట్లో అన్నిటికంటే దూరపు గదిలో ఉంచి మళ్లీ మొదటి నుంచి. ఈ రోజులన్నీ పచ్చడి రుబ్బడం కుక్క షికారుకు వెళ్లిన వేళకు పెట్టుకోండి. మధ్యలో ఒక్కసారి గట్టిగా బెదిరితే వారం శ్రమ వెనక్కి పోవచ్చు.

పటాకులకూ ఇదే దారి. కానీ పండగ వారంలో మొదలుపెడితే లాభం లేదు, రెండు మూడు నెలల ముందే మొదలవ్వాలి. లక్ష్మీ బాంబు పేలితే నేల అదురుతుంది, ఆ అదురు ఫోన్ స్పీకర్‌లో రాదు. అందుకే ఫోన్‌లో నెగ్గిన కుక్క కూడా ఆ రాత్రి బెదరొచ్చు.

“ఇంటికి పెద్ద మీరేనని చూపించండి”

ఈ ఆలోచనకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు పరిశోధకుడు తోడేళ్ల మీద చేసిన పరిశీలన. గుంపులో పెత్తనం కోసం తోడేళ్లు పోట్లాడుకుంటాయని ఆయన రాశారు, కానీ అవి బోనులో పెట్టిన తోడేళ్లు. ఆ నాయకత్వపు మాటను 1970లో జనంలోకి తీసుకెళ్లినవారిలో ముఖ్యుడైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న కుటుంబమని 1999లో స్వయంగా రాశారు. పైగా మంచం కింద నక్కిన కుక్క మీ పెద్దరికం లాక్కోవడానికి చూడటం లేదు. తర్వాత ఏం జరుగుతుందో దానికి తెలియడం లేదు, అదీ బాధ.

కాబట్టి తెలిసేలా చెయ్యండి. తిండి, షికారు, నిద్ర రోజూ ఒకే వేళకు. మూడు వైపులా మూసి ఒక వైపు తెరిచిన చోటు, బల్ల కింద పాత దుప్పటి వేలాడదీసినా చాలు. అక్కడికి వెళ్లాక ఎవరూ చెయ్యి పెట్టకూడదు, బయటికి లాగకూడదు. పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి. ఇంకొకటి చాలామంది గమనించరు: నున్నటి టైల్స్ మీద కాళ్లు జారే కుక్క ఇంట్లో స్వేచ్ఛగా తిరగదు. దాని చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, వీధి తలుపు దాకా గోనెపట్టాలో పాత యోగా మ్యాట్లో పరవండి.

“గుర్రుమంటే దండించండి”

గుర్రుమనడం “దగ్గరికి రావద్దు” అని చెప్పే మాట. కొట్టి ఆ మాట మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది. “చప్పుడు లేకుండా కరిచింది” అని వాపోయే ఇళ్లలో చాలాసార్లు జరిగిందిదే. గుర్రుమంటే ఒక అడుగు వెనక్కి వెయ్యండి. దేనికి గుర్రుమందో గుర్తుపెట్టుకోండి.

“వచ్చినవాళ్ల చేత తినిపించండి”

చేతిలోని ముక్క కోసం కుక్క మెడ చాస్తుంది, వెనక కాళ్లు మాత్రం పారిపోవడానికి సిద్ధంగా ఉంటాయి. ముక్క మింగాక తలెత్తి చూస్తే కొత్త మనిషి మరీ దగ్గర. అప్పుడే కరుస్తుంది. బంధువులు వస్తే పక్కకు తిరిగి కూర్చోమనండి, కుక్క వైపు చూడొద్దనండి, చెయ్యి చాపొద్దనండి. తిండి కుక్క వెనక్కి, అంటే వాళ్లకు దూరంగా పడేలా విసరాలి. ముక్క తినడానికి అది దూరం వెళ్తుంది, ఊపిరి తీసుకుంటుంది, తనంతట తానే తిరిగొస్తుంది. దగ్గరికి రావడం ఎప్పుడూ దాని ఇష్టం మీదే జరగాలి.

“సగం నిద్రమాత్ర వెయ్యండి”

మీ ఇంట్లో ఉన్న మాత్ర ఏదైనా సరే, వద్దు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మామూలు మాత్రలే కుక్క ప్రాణం మీదికి తేగలవు. ఎసిప్రోమజిన్ లాంటి మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు, చెవులు వింటూనే ఉంటాయి. కుక్క భయపడుతూనే ఉంటుంది, పారిపోలేకపోతుంది. భయాన్నే తగ్గించే మందులు వేరే ఉన్నాయి. ఆ ఒక్క రోజుకు ట్రాజోడోన్, గాబాపెంటిన్ లాంటివి, రోజూ వాడటానికి ఫ్లుయోక్సెటిన్ లాంటివి పశువైద్యులు బరువు చూసి రాస్తారు. మొదటివి శబ్దం మొదలవకముందే పడాలి, పండగకు కొన్ని రోజుల ముందు ఒక ప్రశాంతమైన పూట వేసి చూసుకోవాలి. ఫ్లుయోక్సెటిన్ పని చూపడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. నిన్నటిదాకా ధైర్యంగా ఉన్న పెద్ద కుక్క ఉన్నట్టుండి బెదరడం మొదలుపెడితే శిక్షణ కంటే ముందు డాక్టర్‌కు చూపించండి. చెవిపోటో కీళ్ల నొప్పో ఉండొచ్చు.

దీపావళి వారంలో షికారు చీకటి పడకముందే ముగించండి. బెదిరిన కుక్క వెనక్కి నడుస్తూ మెడ బెల్టులోంచి తల లాగేసుకుంటుంది, అందుకే ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్‌కు ఒక తాడు, మెడ బెల్టుకు ఇంకో తాడు కట్టండి. మీ ఫోన్ నంబరు చెక్కించిన బిళ్ల ఇంట్లో ఉన్నప్పుడు కూడా దాని మెడలో ఉండనివ్వండి.