మెషీన్ కన్నా ముందు చెయ్యి కుదరాలి

స్లైడ్ ఒక చివర చిన్న రక్తపు బొట్టు పెట్టాలి. ఇంకో స్లైడ్‌ను దాని ముందు వాలుగా ఆనించి, వెనక్కి జరిపి బొట్టుకు తాకించాలి. రక్తం అంచు వెంట పాకగానే ఒక్క ఊపులో ముందుకు తోసేయాలి. అర సెకను పని. కానీ వెటర్నరీ టెక్నీషియన్ శిక్షణలో చేరినవాళ్లకు ఈ స్మియర్, అంటే స్లైడ్ మీద పల్చటి రక్తపు పూత, కుదిరేలోగా స్లైడ్ల డబ్బాలు ఖాళీ అవుతాయి. చెయ్యి తడబడితే చారలు పడతాయి, స్లైడ్‌కు జిడ్డు ఉంటే చిల్లులు పడతాయి. వాలు 30 నుంచి 45 డిగ్రీలు ఉండాలని పుస్తకంలో ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గిన కుక్క రక్తం చిక్కగా ఉంటుంది కాబట్టి వాలు తగ్గించాలి. రక్తహీనత ఉన్న పశువు రక్తం నీళ్లలా జారిపోతుంది కాబట్టి పెంచాలి. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది చేతికే తెలియాలి.

ఈ శిక్షణ మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. సరైన పద్ధతి చూపిస్తారు, నార్మల్ విలువలు బట్టీ పట్టిస్తారు. తప్పు ఎక్కడ పుడుతుందో మాత్రం చూపించరు. కుక్క పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా, ఎంత అని అడిగితే 37 నుంచి 55 శాతం అని ఎవరైనా చెప్పేస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ మందు ఉన్న ట్యూబ్‌లో గీత దాకా కాకుండా అడుగున కాస్త రక్తమే పోస్తే ఏమవుతుందని అడగండి, చాలామంది తడుముకుంటారు. రక్తానికి మించి మందు ఉండటంతో ఎర్ర కణాలు ముడుచుకుపోతాయి, పీసీవీ తక్కువ చూపిస్తుంది. పశువుకు లేని రక్తహీనత రిపోర్టులోకి వచ్చేస్తుంది. సీరం ట్యూబ్‌లో రక్తం చాల్లేదని ఊదా మూత ట్యూబ్‌లోంచి కాస్త ఒంపితే ఇంకా గొడవ. అందులో ఉండేది పొటాషియం ఈడీటీఏ కాబట్టి రిపోర్టులో పొటాషియం ఎగబాకుతుంది, కాల్షియం పడిపోతుంది. అది చూసిన డాక్టర్‌కు టెన్షన్, పశువుకు అక్కర్లేని సెలైన్.

అందుకే ప్రాక్టికల్ క్లాసులో తప్పులు కావాలని చేయించాలంటాను. ఒకే జంతువు రక్తాన్ని ఒక ట్యూబ్‌లో నిండుగా, ఇంకోదాంట్లో కొన్ని చుక్కలే పోసి, రెండింటి పీసీవీ పక్కపక్కన తిప్పమనండి. మైక్రో సెంట్రిఫ్యూజ్‌లో 5 నిమిషాలు చాలు. మూడోసారి సన్న సూదిలోంచి సిరంజిని గట్టిగా నొక్కి రక్తం పోయమనండి. కణాలు పగిలి ప్లాస్మా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఒకసారి కళ్లతో చూసినవాడు మళ్లీ మర్చిపోడు. రంగుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట: ఆవు, గుర్రం ప్లాస్మా మామూలుగానే పసుపుగా ఉంటుంది. అదే పసుపు కుక్కలో కనిపిస్తే పచ్చకామెర్లేమో చూసుకోవాలి.

మైక్రోస్కోప్ దగ్గర కొత్తవాళ్లు అందరూ ఒకసారి పడే గుంట ఇంకోటుంది. స్మియర్ నెమ్మదిగా ఆరితే ఎర్ర కణాల మీద తేమ చుక్కలు మిగులుతాయి. వాటిని చూసి ఎర్ర కణాల్లో ఉండే పరాన్నజీవి అనుకుని 'బబీసియా దొరికింది' అని కేక వేస్తారు. అప్పుడు ఫైన్ ఫోకస్ కాస్త అటూ ఇటూ తిప్పాలి. చుక్క తళుక్కుమని మెరిస్తే అది నీటి మచ్చ. పరాన్నజీవి అయితే అలా మెరవదు, రంగు పట్టి కణంతో పాటే ఫోకస్‌లో ఉంటుంది.

రక్తకణాలు లెక్కపెట్టే అనలైజర్ మెషీన్లు వచ్చాక ఇదంతా ఎందుకనేవాళ్లున్నారు. మెషీన్లు వద్దని నేనూ అనను. కానీ పిల్లి రక్తంలో ప్లేట్‌లెట్లు ఇట్టే గుంపు కడతాయి, మెషీన్ వాటిని సరిగా లెక్కపెట్టలేక ప్రమాదకరంగా తక్కువ ఉన్నాయని చెబుతుంది. స్మియర్ పల్చబడే తోక చివర ఒక్కసారి చూస్తే గుంపులు అక్కడే దొరుకుతాయి. కుక్క ఎర్ర కణం సుమారు 7 మైక్రాన్లుంటే, మేకది 4కు అటూ ఇటూ. జాతి సెట్టింగ్ మార్చకుండా మేక రక్తం పెడితే ఎర్ర కణాలు ప్లేట్‌లెట్ల లెక్కలో కలిసిపోవచ్చు. పక్షుల ఎర్ర కణాల్లో కేంద్రకం ఉంటుంది కాబట్టి మామూలు మెషీన్ తెల్ల కణాల లెక్క కూడా నమ్మలేం.

పేడ పరీక్ష అందరూ చిన్నచూపు చూసే పని. చిక్కటి ఉప్పు ద్రావణంలో కలిపి 10, 15 నిమిషాలు ఉంచితే ఏలిక పాముల గుడ్లు పైకి తేలతాయి. కార్జపు జలగ గుడ్లు బరువు, అవి అడుగునే ఉండిపోతాయి. వాటికి నీళ్లలో కడిగి అడుగు మడ్డి చూడాలి. తేల్చడం ఒక్కటే నేర్చినవాడు 'గుడ్లు లేవు' అని రాస్తాడు. స్లైడ్ మీద నిజంగానే ఉండవు. పశువు కార్జంలో జలగలు మాత్రం హాయిగా ఉంటాయి. ఏ పద్ధతిలో చూశారో రిపోర్టులో రాసే అలవాటు మొదటి రోజునుంచే చేయించాలి.

మూత్రం సంగతి క్లుప్తంగా: గంటలోపు చూడాలి, కుదరకపోతే ఫ్రిజ్. కానీ చల్లబడితే కొత్త స్ఫటికాలు పుట్టొచ్చు. మూత్రంలో ముంచే స్ట్రిప్ మీది తెల్ల కణాల గడిని పిల్లుల్లో నమ్మొద్దు, సాంద్రతకు రిఫ్రాక్టోమీటర్ వాడాలి.

తప్పు చేసి నేర్చుకోమంటున్నానని అన్నిచోట్లా కాదు. ఉన్నట్టుండి చచ్చిపడి ముక్కులోంచి, మలద్వారంలోంచి గడ్డకట్టని రక్తం కారుతున్న పశువును కొయ్యకూడదు. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) అనుమానంతో చెవి నరం నుంచి కొద్దిగా రక్తం తీసి స్మియర్ చేసి పంపాలి. ఈసుకుపోయిన (గర్భం పోయిన) ఆవు మాయను వట్టి చేత్తో ముట్టుకోకూడదు, దానికి కారణమయ్యే బ్రూసెల్లా క్రిమి మనుషులకూ అంటుకుంటుంది. ఇక్కడ రిహార్సల్స్ ఉండవు.

ఇక ఏ సిలబస్‌లోనూ గట్టిగా నేర్పనిది, శాంపిల్ వెనక్కి పంపడం. కుక్కను ముగ్గురు పట్టుకుని, నానా తంటాలు పడి రక్తం తీశారు. ట్యూబ్‌లో పుల్ల తిప్పి చూస్తే మెత్తగా గడ్డ తగిలింది.

"డాక్టర్ గారూ, ఇది గడ్డకట్టిందండీ. మళ్లీ తీయాలి."

"మళ్లీనా? ఉన్నదాంతో కానివ్వమ్మా."

ఈ మాటతో తలొంచేస్తే అంతే. గడ్డలో చిక్కుకున్న ప్లేట్‌లెట్లు లెక్కకు రావు, అంకెలేవీ నిలబడవు. పైగా ఆ గడ్డ అనలైజర్ గొట్టంలో ఇరుక్కుంటే, వెనక వరసలో ఉన్న శాంపిళ్లన్నీ ఆ పూటకు ఆగిపోతాయి.