మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం

జనాభిప్రాయం ఎలా సేకరించాలో మన నాయకులకు, మేనేజర్లకు, అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్షులకు శిక్షణ ఇప్పించాలంటే లావుపాటి పుస్తకాలు అక్కర్లేదు. 2012లో టెల్‌టేల్ గేమ్స్ తెచ్చిన ‘ది వాకింగ్ డెడ్’ వీడియో గేమ్ చేతికిస్తే చాలు. మీ నిర్ణయాలను బట్టి కథ మారుతుందని మొదట్లోనే స్క్రీన్ మీద హామీ ఇస్తారు. మేనిఫెస్టో అంటే అలా ఉండాలి.

అమెరికాలోని జార్జియా రాష్ట్రం. చచ్చినవాళ్లు లేచి తిరుగుతుంటారు. మీరు లీ ఎవరెట్, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి, హత్య కేసులో జైలుకు పోతున్న మనిషి. వెంట క్లెమెంటైన్ అనే ఎనిమిదేళ్ల పాప. ఒక పొలంలో షాన్ అనే యువకుడు, డక్ అనే పిల్లాడు ఇద్దరూ ఒకేసారి ఆపదలో పడతారు. ఎవరిని కాపాడతారో చెప్పండి, త్వరగా! మీరు ఎవరి వైపు పరిగెత్తినా పోయేది షానే. ముహూర్తం పెట్టేసి పిల్ల ఇష్టం కనుక్కున్నట్టు ఉంటుంది వ్యవహారం. తర్వాత మందుల షాపులో మీ గుంపులోని కార్లీ, డగ్‌లలో ఒకరిని ఎంచుకోమంటారు. మీరు బతికించినవాళ్లు మూడో ఎపిసోడ్‌లో అదే గుంపులోని లిల్లీ తుపాకీకి బలి. పక్షపాతం అస్సలు లేదు.

రెండో ఎపిసోడ్‌లో తిండి పంపకం మాత్రం ప్రతి అధికారీ నోట్సు రాసుకుంటూ చూడాలి. మోటల్‌లో తలదాచుకున్న గుంపులో ఆకలి నోళ్లు పది, చేతిలో ఉన్నవి నాలుగు ముక్కలు. అందులో ఒకటి సగం యాపిల్. పిల్లలకు పెడితే పెద్దవాళ్ల మొహాలు మాడతాయి, లారీ అనే పెద్దాయనకు పెట్టినా సణుగుడు ఆగదు. పాపం గుంపులోని మార్క్ ఆకలితో ఉన్నాడని మీరు కరిగిపోయి అతనికి ఒక ముక్క పెట్టారనుకోండి. ఆ సాయంత్రం డెయిరీ ఫారంలో జరిగే విందులో పళ్లెంలోకి వచ్చేది మార్కే. పెట్టకపోయినా అతనే వస్తాడు. (ఇన్నేళ్ల ఆటకు కూడా స్పాయిలర్ హెచ్చరిక కావాలనే వాళ్లు సంబంధిత శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు.)

అయినా ఆ నాలుగు ముక్కలు పంచేటప్పుడు అరచేతులకు చెమట పట్టడం మాత్రం అబద్ధం కాదు. ఈ పద్ధతి గొప్పదనమే అది: ఫలితం వాళ్లది, టెన్షన్ మనది. పైగా ఎవరితోనైనా ఒక మాట అంటే చాలు, ‘క్లెమెంటైన్‌కి ఇది గుర్తుంటుంది’ అని స్క్రీన్ మూలన రసీదు పడుతుంది. రసీదు చేతికొచ్చాక మన జనం పని అయిపోయిందనుకుని ఇంటికెళ్లిపోతారు. ఎపిసోడ్ అయ్యాక మిగతా ఆటగాళ్లలో ఎంత శాతం మంది మీలాగే చేశారో కూడా చూపిస్తారు. కథ కదిలినా కదలకపోయినా లెక్కలు పక్కా.

ఇంత చక్కటి పాఠం చెప్పిన కంపెనీ, తన గుంపు దగ్గరకొచ్చేసరికి తంతు కూడా జరపలేదు. 2018 సెప్టెంబర్‌లో, ఇదే కథ చివరి సీజన్ సగంలో ఉండగా, సుమారు 250 మంది ఉద్యోగులను ఒక్కసారిగా పంపించేసింది. పరిహారం లేదు. మిగిలిన ఎపిసోడ్లను స్కైబౌండ్ అనే మరో సంస్థ పూర్తి చేయించింది. పరిహారం ఇవ్వాలా వద్దా అని కనీసం ఆటగాళ్లను అడిగి ఉంటే శాతాలైనా వచ్చేవి.