ఆకులో ఉన్నదెంత, కప్పులోకి దిగేదెంత?

తేయాకులో పురుగుమందుల అవశేషాలు పరిమితిని మించాయని వార్త వచ్చినప్పుడల్లా టీ తాగడమంటే విషం తాగడమేనని కొందరు, అదంతా కట్టుకథని మరికొందరు వాదులాడుకుంటారు. ఇరుపక్షాలూ పట్టుకు వేలాడేది ఎండు ఆకులో తేలిన అంకెనే. కానీ మనం తాగేది డికాషన్. ఆకులోంచి నీళ్లలోకి ఎంత దిగుతోంది, రోజు మొత్తం మీద ఒంట్లోకి ఎంత చేరుతోంది అన్నదే తేలాలి.

కోసిన తేయాకును కడగరు. వాడబెట్టి, నలిపి, ఆరబెడతారు. నాలుగైదు కిలోల పచ్చాకు కిలో టీపొడి అవుతుంది. నీరు ఆవిరైనంత తేలిగ్గా మందులు పోవు. బైఫెంత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటివి నీటిలో దాదాపు కరగవు గనుక చాలావరకు పిప్పితోనే పోతాయి. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్ అలా కాదు, కరిగి కప్పులోకి వస్తాయి. ఆకును మెత్తటి పొడిచేసి మొత్తంగా తాగే మాచాకైతే వడపోత అడ్డు కూడా లేదు.

కిలో పొడిలో ఒక మిల్లీగ్రాము ఇమిడాక్లోప్రిడ్ ఉందనుకుందాం. కప్పుకు 2 గ్రాముల చొప్పున రోజుకు 5 కప్పులు తాగితే, మందంతా దిగినా లోపలికి పోయేది 10 మైక్రోగ్రాములు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 60 కిలోల మనిషికి చెప్పిన రోజువారీ హద్దు 3,600 మైక్రోగ్రాములు. కాబట్టి ఈ ఒక్క అంకె చూసి బెంబేలెత్తనక్కర్లేదు. అదే మందు కూరగాయల్లోంచి, పండ్లలోంచి కూడా వస్తుంది గనుక టీని విడిగా లెక్కగట్టి చేతులు దులుపుకోవడమూ తప్పే.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నవి ఎవరూ చల్లకపోయినా టీలో చేరే విషాలు. పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కొన్ని రకాల కలుపు మొక్కల్లో సహజంగా ఉంటాయి. కోతలో ఆ కలుపు కలిస్తే టీలోకి వస్తాయి, వేడినీళ్లలోకి సులువుగా దిగుతాయి. కాలేయాన్ని దెబ్బతీస్తాయి. జన్యుపదార్థానికి హాని చేసి క్యాన్సర్‌కు దారితీయగలవు గనుక ‘ఇంత మోతాదు వరకు నిరపాయం’ అని గీత గీయడం కుదరదు. ఐరోపా సమాఖ్య 2022 జులై నుంచి కిలో తేయాకుకు 150 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. అంటే మొత్తం దిగితే కప్పుకు 0.3 మైక్రోగ్రాములు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో ఇచ్చిన కొలమానంతో చూస్తే, 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 1.4 మైక్రోగ్రాములు దాటితే ఆందోళన పడాల్సిందే. పరిమితి అంచున ఉన్న ఆకుతో ఐదు కప్పులు తాగితే 1.5. చట్టం ఒప్పుకున్న సరుకుతోనే ఇంత! 20 కిలోల బిడ్డయితే తన హద్దు దాటడానికి రెండు కప్పులు చాలు. సహజమైనవని నమ్మి తాగే చామొమైల్, పెప్పర్‌మింట్, రూయిబోస్ వంటి మూలికా టీలకు అదే సమాఖ్య అనుమతించింది కిలోకు ఏకంగా 400 మైక్రోగ్రాములు.

తేయాకు మొక్క మట్టిలోని ఫ్లోరైడ్‌ను, అల్యూమినియంను పీల్చుకుని ముదురాకుల్లో పోగుచేసుకుంటుంది. ముదురాకులతో, కాడలతో ఇటుకల్లా అచ్చుపోసి చేసిన ఇటుక టీని రోజంతా తాగే టిబెట్ ప్రాంతాల్లో ఎముకల ఫ్లోరోసిస్ కనిపించింది. కట్టెల పొగ తగిలేలా ఆరబెడితే ఆంత్రాక్వినోన్ చేరుతుంది. దీన్ని క్యాన్సర్ కారకం కావచ్చునన్న జాబితాలో పెట్టారు.

ఎండు ఆకు ఫలితంతో సరిపెట్టకుండా, అదే ఆకుతో కాచిన డికాషన్ ఫలితాన్నీ నియంత్రణ సంస్థలు ప్రకటించాలి. ముప్పు అంచనాను సగటు మనిషి చుట్టూ అల్లడం మానాలి. రోజుకు ఎనిమిది, పది కప్పులు తాగేవారినీ పిల్లలనూ ముందు పెట్టుకుని లెక్క వేయాలి. తోటల్లో కోతకు ముందే కలుపు చేత్తో ఏరించాలి. ఆ కూలీ భారం సాగుదారు మీదే వదిలేస్తే అతడు కలుపుమందు వైపు మొగ్గుతాడు. చౌక ధరకు ఒత్తిడి తెచ్చే పెద్ద కొనుగోలుదారులు అందులో వాటా భరించాలి. కంపెనీలు సొంతంగా చేయించుకునే పరీక్షల ఫలితాలు ఇప్పటికే వాటి దగ్గరున్నాయి. వాటిని బ్యాచ్ నంబరుతో సహా బయటపెట్టడానికి కొత్త పరిశోధనలేవీ అక్కర్లేదు.