“జరిగింది చెప్పెయ్ నాన్నా” అనే ముందు...

పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఏ తల్లిదండ్రులైనా కంగారుగా పరుగెత్తుతారు. వెళ్లి పిల్లాడి పక్కన కూర్చుని, “జరిగింది జరిగినట్టు చెప్పెయ్ నాన్నా, వదిలేస్తారు” అంటారు. తప్పు చేస్తే ఒప్పుకోవాలని ఇన్నేళ్లూ ఇంట్లో నేర్పింది వాళ్లే మరి. కానీ ఇంట్లో ఒప్పుకుంటే ఆ విషయం అక్కడితో అయిపోతుంది. స్టేషన్‌లో ఒప్పుకుంటే అది వాంగ్మూలం అవుతుంది, కేసు అక్కడి నుంచే నడుస్తుంది. లాయర్ రాకముందే అమ్మానాన్నలు ఇచ్చే ఈ సలహా పిల్లలకు చాలా చేటు చేస్తుందని నా అభిప్రాయం.

1989 నాటి న్యూయార్క్ సెంట్రల్ పార్క్ అత్యాచారం కేసునే చూడండి. పట్టుబడిన ఐదుగురు అబ్బాయిలూ 14 నుంచి 16 ఏళ్ల వాళ్లు. గంటల తరబడి ప్రశ్నించాక, తాము చేయని నేరంలో తమకూ భాగం ఉందని చెప్పేశారు. నలుగురి మాటలను వీడియో తీశారు. కొందరి విషయంలో అమ్మో నాన్నో ఆ గదిలోనే ఉన్నారు, లాయర్ మాత్రం లేడు. అసలు నేరస్తుడు ఒప్పుకుని, డీఎన్‌ఏ కూడా అతనిదేనని తేలాక, 2002లో వాళ్ల శిక్షలు రద్దయ్యాయి. అప్పటికే వాళ్లు ఏళ్ల తరబడి జైల్లో గడిపారు. ఎదిగీ ఎదగని వయసులో, అలసిపోయి, ఎలాగైనా ఇంటికి వెళ్లిపోవాలనుకునే పిల్లలు ఏం అడిగినా అవుననేస్తారు. పక్కనున్న తల్లిదండ్రులదీ అదే భయం, అదే టెన్షన్.

పిల్లల కోర్టులు పుట్టినప్పుడు జడ్జే కన్నతండ్రిలా చూసుకుంటాడు, ఇక లాయర్ ఎందుకనుకున్నారు. ఆ నమ్మకం ఎంత దూరం తీసుకెళ్లిందో 1964లో అమెరికాలోని అరిజోనాలో తెలిసింది. పొరుగింటావిడకు అసభ్యంగా ఫోన్ చేశాడని 15 ఏళ్ల జెరాల్డ్ గాల్ట్‌ను పట్టుకెళ్లారు. పనిలో ఉన్న అమ్మానాన్నలకు కబురు కూడా పెట్టలేదు. 21 ఏళ్లు వచ్చేదాకా ఉంచవచ్చంటూ జడ్జి ప్రభుత్వ సంస్కరణ పాఠశాలకు పంపారు. అదే పని పెద్దవాళ్లు చేస్తే గరిష్ఠ శిక్ష 50 డాలర్ల జరిమానా లేదా రెండు నెలల జైలు. 1967లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పిల్లలకూ లాయర్ ఉండాలని, తమకు వ్యతిరేకంగా మాట్లాడమని వాళ్లను బలవంతపెట్టకూడదని చెప్పింది.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 40వ అధికరణం కూడా ఈ మాటే అంటుంది. 37వ అధికరణం ప్రకారం నిర్బంధం చివరి మార్గం కావాలి, అదీ వీలైనంత తక్కువ కాలమే.

తల్లిదండ్రులకు మింగుడుపడని విషయం ఇంకొకటి ఉంది. ఫీజు మీరే కట్టినా లాయర్ పిల్లాడి లాయరే. వాళ్లిద్దరూ ఏకాంతంగా మాట్లాడుకుంటామంటే మీరు బయటికి రావాలి. అది మీమీద అపనమ్మకం కాదు. లాయర్‌తో చెప్పిన మాటకు చట్టం రక్షణ ఇస్తుంది. అమ్మతో చెప్పిన మాటకు చాలా దేశాల్లో ఆ రక్షణ లేదు. మిమ్మల్ని సాక్షిగా పిలిచి అడగవచ్చు. అందుకే ఆ రాత్రి ఇంట్లో కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడగకండి. వాడి ఫోన్‌లో ఏదీ చెరపకండి. సాక్ష్యం మాయం చేశారంటే అది మరో కేసు అవుతుంది. ఫిర్యాదు చేసినవాళ్లకు ఫోన్ చేసి బతిమాలడమూ వద్దు. అంతకంటే ముందు పుట్టిన తేదీ రుజువు వెతికి పట్టుకోండి. కేసు పిల్లల కోర్టుకు వెళ్తుందా, పెద్దల కోర్టుకా అన్నది చాలాచోట్ల ఆ కాగితం మీదే ఆధారపడుతుంది. డబ్బు లేదని ఆగిపోకండి, ఉచిత న్యాయ సహాయం కావాలని నోరు తెరిచి అడగండి.

అయితే భారమంతా తల్లిదండ్రుల మీదే వేయడం న్యాయం కాదు. నేరారోపణ ఎదుర్కొనే ప్రతి బిడ్డకూ మొదటి నుంచే ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2019లోనే ప్రభుత్వాలకు సూచించింది. ఆచరణలో లాయర్ చాలాసార్లు కోర్టులోనే కనిపిస్తాడు, అప్పటికే వాంగ్మూలం అయిపోయి ఉంటుంది. మొదటి ప్రశ్న అడగకముందే లాయర్ ఆ గదిలో ఉండాలి. ఆ హక్కును వదులుకుంటున్నామని అమ్మానాన్నలు సంతకం పెట్టినా చెల్లకూడదు. ఆ పూట వాళ్లు ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తారు.