ఎదురుదెబ్బ భయమా, చేత్తో వేసే బ్రేకరా?

బాబాయి సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పాతికేళ్లు పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి సబ్‌స్టేషన్‌లో ఇంజనీరు. మన కరెంటు గ్రిడ్ మీద సైబర్ దాడి జరగకుండా ఆపేది ఏది అన్నదే ఇద్దరి మధ్య వాదన.

బాబాయి: అణ్వాయుధాల మీద మన విధానాన్ని 2003లోనే ప్రకటించాం. ముందు మేం వాడం, మా మీద వాడితే మాత్రం కోలుకోలేని దెబ్బ తీస్తాం అని. ఆ సంగతి అవతలివాడికి తెలుసు కాబట్టే తెగించడు. డిటరెన్స్ అంటే అదే. సైబర్‌కీ అదే కావాలి. మా గ్రిడ్ ఆపితే మీ గ్రిడ్ ఆగుతుందని ముందే చెప్పేయాలి.

అమ్మాయి: ఎవరికి చెప్తాం బాబాయ్? క్షిపణి ఎక్కణ్ణుంచి లేచిందో ఉపగ్రహం చూపిస్తుంది. సైబర్ దాడి ఎవరిదో అలా వెంటనే తెలియదు. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రోజు కంప్యూటర్లు పడిపోయాయి. ఆ వైరస్‌లో ఉత్తర కొరియా హ్యాకర్ల ఆనవాళ్లు కావాలనే పెట్టారు. చేసింది రష్యా సైనిక గూఢచారులని అమెరికా కేసు పెట్టేసరికి 2020 అక్టోబర్ వచ్చింది. ఆ రాత్రే తిరిగి కొట్టి ఉంటే ఎవరిని కొట్టేవాళ్లు?

బాబాయి: ఆలస్యమైనా తేలింది కదా తల్లీ! సరిహద్దులో గొడవ నడుస్తున్నప్పుడు దాడి వస్తే ఎవరి పనో చెప్పడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు.

అమ్మాయి: అక్కర్లేదా? గల్వాన్ జరిగిన నాలుగు నెలలకు, 2020 అక్టోబర్ 12న ముంబైలో కరెంటు పోయింది. లోకల్ రైళ్లు ఆగిపోయాయి. మన విద్యుత్ నెట్‌వర్క్‌లో చైనా హ్యాకర్లు దూరారని మరుసటి ఏడాది ఒక అమెరికా సంస్థ రాసింది. అప్పుడు రాష్ట్ర హోం మంత్రి విద్రోహం కావచ్చన్నారు. కేంద్ర విద్యుత్ మంత్రి కాదు, మనుషుల పొరపాటే అన్నారు. మనలో మనకే తేలని దానికి మీరు ఎవరి మీద ఎదురుదెబ్బ కొడతారు?

బాబాయి: అలాంటివి వీధిలో పెట్టుకోవడమే మొదటి తప్పు. దెబ్బ ఎక్కడ తగిలిందో శత్రువుకి చూపించినట్టే.

అమ్మాయి: కొట్టినవాడికి తెలియదా బాబాయ్? తెలియనిది మనకే. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం మీద సైబర్ దాడి అసాధ్యమని ఒకరోజు ప్రకటించారు. మర్నాడే పరిపాలన విభాగం కంప్యూటర్‌లో మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, దొరికిన మాట నిజమేనని ఒప్పుకున్నారు. మొదటి రోజే చెప్తే మిగతా ప్లాంట్లవాళ్లు తమ కంప్యూటర్లు చూసుకునేవాళ్లు కాదా?

బాబాయి: రియాక్టర్ కంట్రోల్ సిస్టమ్‌కి ఏమీ కాలేదని కూడా చెప్పారు, అది వదిలేశావు. జనంలో భయం రేపకూడదు. సరే, దాడి ఆపడానికి నీ దారేంటో చెప్పు.

అమ్మాయి: 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో ఏం జరిగిందో చూడండి. ఇవానో-ఫ్రాంకివ్‌స్క్‌లో కంట్రోల్ రూమ్ ఆపరేటర్ ముందున్న స్క్రీన్ మీద మౌస్ బాణం దానంతటదే కదిలింది. లైన్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్‌లుంటాయే, బ్రేకర్లు, ఒక్కోదాని మీదకి వెళ్లి క్లిక్ చేసి ఆపేస్తోంది. అతను మౌస్ పట్టుకుని ఎంత జరిపినా కదల్లేదు. అతన్ని సిస్టమ్ నుంచి కూడా బయటికి నెట్టేశారు. కంపెనీ ఫోన్ లైన్లను దొంగ కాల్స్‌తో నింపేశారు. రెండు లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. మళ్లీ ఎలా వచ్చిందో తెలుసా? సిబ్బంది వ్యాన్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లు చేత్తో వేశారు. ఆరు గంటల లోపే కరెంటు వచ్చేసింది. కొట్టినా ఫలితం దక్కదని తెలిస్తే కొట్టేవాడికీ ఆశ చస్తుంది. మా దగ్గర ప్యానెల్ మీద లోకల్–రిమోట్ స్విచ్ ఉంది. అది లోకల్‌లో పెట్టి, కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌తో పని లేకుండా అక్కడే చేత్తో బ్రేకర్ వేయడం పాత ఆపరేటర్లకు నిద్రలో లేపినా వచ్చు. కొత్తగా చేరిన పిల్లలకు మౌస్ తప్ప తెలియదు. పాతవాళ్లు ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. నాకు టెన్షన్ అక్కడ!

బాబాయి: ఆశ చచ్చిందంటావు. మరి ఏడాది తిరగకుండానే, 2016 డిసెంబర్‌లో, కీవ్ మీద అదే పని ఎందుకు చేశారు? 2017 జూన్‌లో ఉక్రెయిన్‌వాళ్లు వాడే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ పెట్టి పంపితే మర్స్క్ ఓడల కంపెనీ నాలుగు వేల సర్వర్లు మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. మొదటిసారే గట్టి దెబ్బ పడి ఉంటే మూడోసారి వచ్చేవాడా? నువ్వు తలుపుకి గడియలు మారుస్తూ ఉంటావు, దొంగకి పోయేదేముంది?

అమ్మాయి: ...ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ మీ ఎదురుదెబ్బతో వాడి ఊళ్లో ఆసుపత్రి ఆగిపోతే, రేపు వాడు మళ్లీ మన ఆసుపత్రి మీద పడతాడు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఆగిపోతే ఓపీ చీటీలు రోజుల తరబడి చేత్తో రాశారు. రాసే కాగితం ఉంది కాబట్టే వైద్యం ఆగలేదు.

బాబాయి: అయితే మీ దగ్గర అంతా మౌస్ వదిలేసి చేత్తో నడిపే డ్రిల్ ఎప్పుడు చేశారు?

అమ్మాయి: చేయలేదు బాబాయ్. పైవాళ్లకి రెండుసార్లు రాశాను. లోడ్ ఎక్కువగా ఉంది, తర్వాత చూద్దాం అన్నారు.

బాబాయి: మూడోసారి రాయి. లోడ్ తగ్గే నెల ఏదో తేదీతో సహా పెట్టు. ఎదురుదెబ్బ సంగతి మాత్రం నేను వదలను.

అమ్మాయి: వదలొద్దు. ఆ లెటర్ ఇప్పుడే రాద్దాం, కూర్చోండి.