సాయంత్రం లాకప్ లెక్క గారికి ఒక వార్డర్ అర్జీ

అయ్యా లెక్క గారూ,

రోజూ సాయంత్రం బ్యారక్‌లకి తాళం వేసేముందు చేసే ఖైదీల లెక్క మీరు, మీరు తేలితేగానీ గేటు దాటలేని ఒక జైలు వార్డర్ దండం పెట్టి రాసుకునేది.

కానిస్టేబుల్ అవుదామని గ్రౌండ్‌లో పరిగెత్తి పరిగెత్తి, మార్కులు కాస్త తగ్గి, ప్రిఫరెన్సుల్లో అన్నిటికంటే కింద పెట్టిన వార్డర్ పోస్టు తగిలినోళ్లం మేము. ఊళ్లో ఎవరైనా మీవాడెక్కడ అనడిగితే మా నాన్న ఠక్కున "జైల్లో" అనేసి, అవతలోళ్ల మొహం చూశాక "ఉద్యోగం, ఉద్యోగం" అని సర్దుకుంటాడు. సంగారెడ్డి పాత జైల్లో 500 కట్టి ఒకరోజు ఖైదీలా గడిపే స్కీమ్ పెట్టారు కదా, మాకైతే జీతమిచ్చి మరీ ఉంచుకుంటున్నారు, అదృష్టం.

సాయంత్రమైతే మీ దర్బారు. బ్యారక్ ముందు జతలుగా కూర్చోబెట్టి లెక్కపెట్టాలి, ఆసుపత్రిలో ఎందరు, వంటశాలలో ఎందరు, కోర్టు నుంచి వస్తూ ఎస్కార్ట్ వ్యాన్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నోళ్లు ఎందరు, అంతా కూడితే రిజిస్టర్‌తో కలవాలి. ఒకటి తగ్గిందా, మళ్లీ మొదట్నుంచి. ఆ ఒక్కడు ఎప్పుడూ బాత్‌రూమ్‌లోనే ఉంటాడు, అదేం చిత్రమో!

2016 మోడల్ జైలు మాన్యువల్, అంటే జైళ్ల నిబంధనల పుస్తకం, ఆరుగురు ఖైదీలకి ఒక గార్డు ఉండాలంటుంది. మా బ్యారక్‌లో ఆరుగురంటే ఒక ఫ్యాను కింద జనం సార్. మమ్మల్ని లెక్కపెట్టే గంట మాత్రం ఎవరూ కొట్టరు.

మీకు తలలే కావాలి, ఆ తల ఇక్కడెందుకుందో అక్కర్లేదు. 2022 చివరికి దేశం మొత్తం జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది ఇంకా విచారణ ఖైదీలే, అంటే మేం తాళం వేసే నలుగురిలో ముగ్గురికి శిక్షే పడలా. కొందరికి బెయిల్ వచ్చినా ష్యూరిటీ ఇచ్చే దిక్కులేక లోపలే ఉంటారు, మీరేమో "కరెక్ట్, అందరూ ఉన్నారు" అని సంతకం పెట్టించుకుంటారు. 2024 జూలై నుంచి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 479 సెక్షన్ వచ్చింది. ఉరి, యావజ్జీవం పడే కేసులు కాకుండా, మొదటిసారి కేసులో ఇరుక్కున్నోడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే బాండ్ మీద వదలాలి, కోర్టుకి రాయాల్సింది మా సూపరింటెండెంటే. ఆ లెక్క తప్పితే ఎవడూ విజిల్ ఊదడు, మీరు తప్పితేనే సస్పెన్షన్.

ఇంక ప్రొబేషన్ ఆఫీసర్ల సంగతి. 1958 నుంచి నేరస్థుల ప్రొబేషన్ చట్టం ఉంది, 21 నిండని కుర్రాణ్ణి యావజ్జీవం పడని నేరంలో జైలుకి పంపేముందు జడ్జి గారు వాళ్ల రిపోర్టు తెప్పించుకోవాలి. ప్రొబేషన్ ఆఫీసరు బస్సెక్కి ఊరెళ్లి ఇంట్లోవాళ్లనీ పక్కింటోళ్లనీ అడిగి రాసిన రిపోర్టు పనిచేస్తే ఆ కుర్రాడు పొలం పనికో మెకానిక్ షెడ్డుకో పోతాడు, మీ రిజిస్టర్‌లోకి అసలు రాడు. రానోణ్ణి మీరెలాగూ లెక్కపెట్టరు కాబట్టి ఆయన చేసిన పని కూడా ఎక్కడా ఎక్కదు. మేమైనా నయం, మాకు యూనిఫామన్నా ఉంది, ఆయన్ని ఊళ్లో లోన్ రికవరీ వాడనుకుంటారు.

సరే, అసలు విషయం. వచ్చే గురువారం బావమరిది పెళ్లి, రాత్రి 8 కి ముహూర్తం, మా ఆవిడ ఇప్పటికే మాట్లాడ్డం మానేసింది. ఆ ఒక్కరోజు మొదటిసారికే తేలండి సార్, బాత్‌రూమ్ నేను ముందే చూసి పెడతా.