ఇంటర్‌కూలర్ వాటర్ పంపుని ఫ్యూయెల్ పంపు వైరుకి కలపకండి

టర్బో ఇంజిన్ స్వాప్ (ఒక కారు ఇంజిన్ తీసి ఇంకో కారులో పెట్టడం) చేసుకునేవాళ్ల మధ్య ఒక సలహా చాలా రోజులుగా తిరుగుతోంది. "ఇంటర్‌కూలర్ వాటర్ పంపుకి వేరే వైరింగ్ అక్కర్లేదు, ఫ్యూయెల్ పంపు వైరుకి జాయింట్ కొట్టి మధ్యలో బూస్ట్ స్విచ్ పెట్టండి, బూస్ట్ ఉన్నప్పుడు తిరిగితే చాలు, నీళ్లు నిదానంగా పారితేనే బాగా చల్లారతాయి" అని. ఇంటర్‌కూలర్ అంటే టర్బో నొక్కడంతో వేడెక్కిన గాలిని ఇంజిన్‌లోకి వెళ్లేముందు చల్లార్చేది. బూస్ట్ అంటే టర్బో ఆ గాలిని తోసే ఒత్తిడి, బూస్ట్ స్విచ్ ఆ ఒత్తిడి వచ్చినప్పుడే ఆన్ అవుతుంది. ఆ సలహాలో ఒక్క మాటా నిలబడదు. నమ్మినవాళ్ల ఇంజిన్లు పాడవుతాయనే భయంతో రాస్తున్నాను.

నేను చేసింది టొయోటా సెలికా జీటీ-ఫోర్ ఎస్‌టీ205లోని 3ఎస్-జీటీఈ ఇంజిన్‌ని ఎంఆర్2లో దించడం. ఆ ఇంజిన్ పైన నీళ్లతో చల్లబడే ఇంటర్‌కూలర్ ఉంటుంది. ఎంఆర్2లో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది కాబట్టి ఎదురుగాలి అక్కడికి సరిగా అందదు, అందుకే ఈ ఇంటర్‌కూలర్ దానికి బాగా కుదురుతుంది. చిక్కల్లా పంపు వైరింగ్ సెలికాలోనే ఉండిపోవడం. ఎంఆర్2లో దానికి వైరే లేదు, కొత్తగా లాగాల్సిందే. ఇలాంటి చోటే మనిషికి అడ్డదారి సలహా నచ్చుతుంది.

ముందు ఫ్యూయెల్ పంపు వైరు సంగతి, ఎందుకంటే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆ వైరు, దాని ఫ్యూజు, దాని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) అన్నీ ఒక్క పంపు లెక్కతోనే కంపెనీవాళ్లు పెట్టారు. వాటర్ పంపు ఇంకో 4, 5 ఆంపియర్లు లాగితే ఫ్యూయెల్ పంపుకి అందే వోల్టేజి పడిపోతుంది, అదీ సరిగ్గా బూస్ట్‌లో, ఇంజిన్‌కి పెట్రోల్ అన్నిటికంటే ఎక్కువ కావాల్సిన సమయంలో. పెట్రోల్ తగ్గితే మిశ్రమం పలచబడుతుంది, డిటొనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, ఆ తర్వాత పిస్టన్ మిగలదు. ఇంకో విషయం, చాలా టర్బో కార్లలో తక్కువ లోడ్ మీద ఫ్యూయెల్ పంపుకి కావాలనే వోల్టేజి తగ్గించి ఇస్తారు, కొన్నిటిలో రెసిస్టర్‌తో, కొన్నిటిలో కంట్రోలర్‌తో. ఆ వైరుకి కలిపిన వాటర్ పంపు కూడా అప్పుడు నీరసంగానే తిరుగుతుంది.

"బూస్ట్ ఉన్నప్పుడు తిరిగితే చాలు" అనేది వినడానికి సబబుగానే ఉంటుంది, నేనూ మొదట్లో నమ్మాను. కానీ ఇంటర్‌కూలర్‌లో నీళ్లు చేసే పని వేడిని మోసుకెళ్లి ముందున్న రేడియేటర్‌లో వదిలిపెట్టడం. మనం యాక్సిలరేటర్ వదిలేశాక కూడా ఆ పని ఇంకా మిగిలే ఉంటుంది. పంపు ఆగిపోతే వేడి నీళ్లు ఇంటర్‌కూలర్ లోపలి భాగమైన కోర్‌లోనే నిలిచిపోతాయి, కింద ఇంజిన్ వేడి వాటిని ఇంకా కాస్తుంది, ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడి మళ్లీ తొక్కితే టర్బో గాలికి ఎదురయ్యేది ఆ కాగిన నీళ్లే. నా అంచనా లెక్క ఇది: 2 లీటర్ల ఇంజిన్, 1 బార్ బూస్ట్, 6000 ఆర్‌పీఎం దగ్గర గాలి నుంచి తీయాల్సిన వేడి దాదాపు 14 కిలోవాట్లు. కోర్‌లో అర లీటరు నీళ్లు కదలకుండా ఉంటే సెకనుకి 6, 7 డిగ్రీలు ఎక్కుతాయి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పంపు నడవాలి, అంతే.

నీళ్లు నిదానంగా పారాలి అనేది అన్నిటికంటే మొండి నమ్మకం. అదే 14 కిలోవాట్లకి నిమిషానికి 20 లీటర్లు పారితే నీళ్లు కోర్ దాటేసరికి 10 డిగ్రీలు వేడెక్కుతాయి, 5 లీటర్లే పారితే 40 డిగ్రీలు. అంటే నిదానంగా పారితే కోర్ చివర్లో గాలికి తగిలేది బాగా కాగిన నీళ్లు. "రేడియేటర్‌లో చల్లారడానికి టైం ఉండాలి కదా" అంటారు. ఒక్కో చుక్క తక్కువసేపు ఉన్నా అదే నీరు అన్ని ఎక్కువసార్లు తిరిగి వస్తుంది, మొత్తం మీద రేడియేటర్ వదిలే వేడి తగ్గదు.

మరి వైరింగ్ ఎలా? కష్టమేమీ కాదు. మామూలు నాలుగు పిన్నుల రిలే ఒకటి తీసుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి, బ్యాటరీకి దగ్గరగానే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, రిలే 30 నంబరు పిన్నుకి తేవాలి. 87 నుంచి పంపుకి. 85 ఎర్త్, అంటే కారు బాడీకి. 86కి ట్రిగ్గర్, అంటే రిలేని ఆన్ చేసే వైరు. ఆ ట్రిగ్గర్‌ని మాత్రం ఫ్యూయెల్ పంపు రిలే అవుట్‌పుట్ నుంచి, రెసిస్టర్‌కి ముందు తీసుకోవచ్చు, రిలే లోపలి కాయిల్ లాగేది 0.2 ఆంపియర్ల లోపే కాబట్టి ఫ్యూయెల్ పంపుకి ఏమీ కాదు. ఇంజిన్ ఆగితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఫ్యూయెల్ పంపుని ఆపేస్తుంది, దాంతో ఇదీ ఆగుతుంది. కంట్రోలర్‌తో స్పీడు మార్చే ఫ్యూయెల్ పంపు అయితే దాని వైరు ముట్టుకోకండి, రిలే కటకటలాడుతుంది, ఇగ్నిషన్ లైను నుంచి తీసుకోండి.

వైరు మందం మీద పిసినారితనం వద్దు. పంపు 5 మీటర్ల దూరంలో ఉంటే, 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో రానూపోనూ 5 ఆంపియర్లకి దాదాపు 1.75 వోల్టులు పోతాయి, 2.5 వైరులో 0.35 మాత్రమే.

పంపు చప్పుడు వస్తే పనిచేస్తున్నట్టే అనీ కొందరంటారు. ప్లస్ మైనస్ తిరగేసినా బ్రష్‌ల మోటారు పంపు చప్పుడు చేస్తుంది, నీళ్లు మాత్రం సరిగా కదలవు. లైన్లో గాలి ఉన్నా అంతే, పైగా పొడిగా తిరిగి పంపు పాడవుతుంది. అందుకే పంపుని కింద పెట్టి, గాలంతా తీశాక మూత తెరిచి నీళ్లు తిరిగి రావడం కళ్లారా చూడండి. ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగా పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గరి రీడింగ్‌కీ దానికీ అర వోల్టు కంటే ఎక్కువ తేడా కనిపిస్తే ముందు ఎర్త్ బోల్టు విప్పి, కింద పెయింట్ గీకి మళ్లీ బిగించండి.